నీలి రూపాయి, ఎర్ర అయిదు

స్టీలు రూపాయి బిళ్ళ ఒకటి నెమలికంఠం రంగులో చేతికొస్తే దాన్ని కూరగాయల బండి దగ్గర ఇచ్చెయ్యడానికి ఎవరికీ మనసొప్పదు. ఇత్తడి రంగులో ఉండాల్సిన అయిదు రూపాయల బిళ్ళ రాగిలా ఎర్రబడినా, పది రూపాయల బిళ్ళకి చుట్టూ ఉన్న కట్టు మాత్రమే నల్లగా మాడినట్టున్నా అంతే. తీసి పక్కన పెడతాం. ఫోటో తీసి నలుగురికీ పంపుతాం. ఆ నలుగురిలో ఒకరైనా "టంకశాలలో పొరపాటున వేరే లోహం మీద అచ్చు కొట్టి ఉంటారు, లక్షల్లో పలుకుతుందట" అంటారు.

టంకశాలలో పొరపాట్లు జరగవని కాదు, జరుగుతాయి. అయితే రంగు మారిన బిళ్ళల్లో చాలా భాగం అక్కణ్ణుంచి బయటికొచ్చేనాటికి మామూలుగానే ఉండి, ఆ తర్వాత ఏ పొయ్యి దగ్గరో, హుండీలోనో, ఏటి బురదలోనో రంగు పట్టినవే. ఈ రెండు రకాలనూ విడదీయడానికి "ఇది నీలం, ఇది ఎరుపు" అన్న గుర్తింపు పెద్దగా సాయం చెయ్యదు. ఆ రంగు బిళ్ళ మీద ఏ చోట ఉంది? అక్షరాల సందుల్లో చేరిందా, ఎత్తుల మీద నిలిచిందా? ఎక్కడ ఆగింది? అంచు ఎలా ఉంది? సమాచారమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది.

ముందు ఏ బిళ్ళ దేనితో చేశారో తెలియాలి. 1992 నుంచి రూపాయి బిళ్ళ ఫెర్రిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుతో వస్తోంది. అందులో ఇనుము 83 శాతం, క్రోమియం 17 శాతం. అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. దానికి ముందు, 1975 నుంచి 1991 దాకా వచ్చిన రూపాయి రాగి, నికెల్ కలిపిన తెల్ల లోహం. అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. ఇంకా వెనక్కి, 1950ల నాటి రూపాయి అచ్చమైన నికెల్. అది మళ్ళీ అతుక్కుంటుంది. అయిదు రూపాయల బిళ్ళ కథ ఇంతకంటే చిక్కు. 1992లో తొమ్మిది గ్రాముల రాగి-నికెల్ బిళ్ళగా మొదలై, 2007లో ఆరు గ్రాముల స్టీలుగా మారి, 2009 నుంచి పసుపు రంగు నికెల్ ఇత్తడి అయింది. మూడింటి అడ్డుకొలతా 23 మిల్లీమీటర్లే. కాబట్టి సంవత్సరం చదవకుండా అయిదు రూపాయల బిళ్ళ గురించి ఏ తీర్పూ చెప్పకూడదు.

సంవత్సరం చూసేటప్పుడు దాని కింద ఉండే గుర్తు కూడా చూడండి. చిన్న నక్షత్రం ఉంటే ఆ బిళ్ళ హైదరాబాద్‌ది. నిజాం సికందర్ జా కాలంలో 1803లో మొదలైన టంకశాల అది. సైఫాబాద్‌లో చాలాకాలం నడిచి, 1997లో చర్లపల్లికి మారింది. చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారముంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. రంగుకీ ఈ గుర్తుకీ సంబంధం లేదు గానీ, ఎక్కడ పుట్టిందో తెలియని దాని గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

రంగును చూసి లోహం చెప్పడం ఎంత ప్రమాదమో ఇరవై రూపాయల బిళ్ళను మించి చెప్పేది లేదు. 2019లో ప్రకటించిన ఈ పన్నెండు పలకల బిళ్ళకి బయటి కట్టు తెల్లన, మధ్య బిళ్ళ పచ్చన. రెండూ వేరువేరు లోహాలనుకుంటాం. రెండింట్లోనూ ఉన్నవి అవే మూడు: రాగి, జింకు, నికెల్. కట్టులో 65 పాళ్ళు రాగి, 15 జింకు, 20 నికెల్. మధ్యలో 75 రాగి, 20 జింకు, 5 నికెల్. నికెల్ పాలు పెరిగేకొద్దీ రాగి తన ఎర్రదనాన్ని వదులుకుంటుంది. పాత రెండు రూపాయల రాగి-నికెల్ బిళ్ళలో నాలుగింట మూడు వంతులు రాగే, అయినా దాన్ని చూసి వెండి అనుకున్న పిల్లలెందరో. పాళ్ళు కాస్త అటూ ఇటూ అయితే చాలు, పైపొరలో రంగు మారిపోతుంది. ఎర్ర అయిదు రహస్యం కూడా ఇదే. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

నీలి రూపాయితో మొదలుపెడదాం. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం గాలి తగలగానే ఆక్సిజన్‌తో కలిసి లోహాన్ని ఒక పొరగా కప్పేస్తుంది. ఆ పొర మందం ఒకటి నుంచి మూడు నానోమీటర్లు. మన తల వెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దాకా ఉంటుంది. స్టీలు తుప్పు పట్టకుండా కాపాడేది ఈ పొరే. ఇంత పల్చన కనుక కంటికి ఆనదు, కింది లోహం తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. బిళ్ళను బాగా వేడి చేస్తే ఆక్సిజన్ ఇంకా లోపలికి చొరబడి పొర మందమవుతుంది. పదుల నానోమీటర్లకు చేరేసరికి కాంతి దాంతో ఆటలాడటం మొదలుపెడుతుంది. పొర పై ముఖానికి తగిలి కొంత వెలుతురు వెనక్కి వస్తుంది. కొంత లోపలికి దూరి, అడుగునున్న లోహానికి తగిలి వస్తుంది. రెండో దానికి దారి కాస్త ఎక్కువ. రెండూ మళ్ళీ కలిసేచోట కొన్ని రంగుల తరంగాలు ఒకదాన్నొకటి బలపరుస్తాయి, కొన్ని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పొర పల్చగా ఉన్నప్పుడు నీలం రద్దవుతుంది, మనకి పసుపు మిగులుతుంది. పొర మందమైతే పసుపు, ఎరుపు రద్దయి నీలం మిగులుతుంది. సబ్బు బుడగ మీదా, వానకి తడిసిన రోడ్డు మీద ఒలికిన డీజిలు మీదా కనిపించే రంగులు ఇవే. అంటే నీలి రూపాయి మీద నీలం రంగు పదార్థమంటూ ఏదీ లేదు. గీకి తీస్తే చేతికి నీలిపొడి రాదు.

ఈ రంగులు తమ ఇష్టమొచ్చినట్టు రావు, వాటికొక వరస ఉంది. గాజుపలక మీద వంపు కటకం పెట్టి, మధ్య ఉన్న గాలిపొర మందం పెరిగేకొద్దీ ఏ రంగు తర్వాత ఏ రంగు వస్తుందో న్యూటన్ ఓపిగ్గా రాసిపెట్టాడు. 1704లో అచ్చయిన ఆయన ఆప్టిక్స్ గ్రంథంలో ఆ వరస ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు గాలిలో వేడెక్కితే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత గడ్డి పసుపు, 400 దగ్గర గోధుమ రంగు, 450 ప్రాంతంలో ఊదా, 550–600 మధ్య నీలం పడుతుంది. వేడి ఎక్కువసేపు నిలిస్తే ఇంకాస్త తక్కువ డిగ్రీలకే అదే రంగు రావచ్చు. వెల్డింగ్ పనివాళ్ళకి ఈ పట్టిక చెప్పక్కర్లేదు, అతుకు పక్కన పడే రంగును చూసి వేడి ఎంత పాకిందో చెప్పేస్తారు. మోటార్‌సైకిల్ సైలెన్సర్ ఇంజిన్‌ని అంటుకునే వంపు నీలంగా మారేదీ ఇందుకే.

కాబట్టి నీలి రూపాయిని భూతద్దం కింద పెట్టి ఆ వరస కోసం వెతకాలి. మంట ఒక పక్క ఎక్కువ తగిలి ఉంటే ఆ పక్క నీలం, దాని పక్కన ఊదా, ఆ తర్వాత గోధుమ, చివర గడ్డి పసుపు, ఇలా పట్టీలు పట్టీలుగా చల్లటి వైపుకి దిగుతూ పోతాయి. పటకారుతో పట్టుకుని కాల్చి ఉంటే పట్టుకున్న చోట వేడి పటకారులోకి పోతుంది. అక్కడ తెల్లటి మచ్చ మిగులుతుంది. బొమ్మ మీదా బొరుసు మీదా ఒకే చోట ఎదురెదురుగా అలాంటి మచ్చ కనిపిస్తే ఇంక అనుమానమే అక్కర్లేదు. రంగుల మధ్య వరస లేకుండా నీలం పక్కనే గీత గీసినట్టు ఆకుపచ్చ ఉంటే మాత్రం అది వేడి పని కాదు, ఏదో రంగో సిరానో పూశారు. బిళ్ళను వెలుతురులో అటూ ఇటూ వంచి చూడటం కూడా పనికొస్తుంది. పొర వల్ల వచ్చిన రంగు చూసే కోణాన్ని బట్టి కొద్దిగా జరుగుతుంది, పూసిన రంగు కదలదు.

అసలు చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. టంకశాలలోనూ బిళ్ళలకి వేడి తగులుతుంది కదా? తగులుతుంది. రేకుని చుట్టలు చుట్టలుగా సాగదీసి, గుండ్రటి ఖాళీ బిళ్ళలు కత్తిరించాక అవి గట్టిపడి ఉంటాయి. వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, తర్వాత కడిగి మెరుగు పెడతారు, ఆ తర్వాతే అచ్చు. కొలిమిలో ఆక్సిజన్ దూరకుండా రక్షణ వాయువు నింపుతారు. అది సరిగా లేకపోతేనో, కడగడం సరిగా జరగకపోతేనో నల్లటి లేదా రంగురంగుల పొరతోనే కొన్ని బిళ్ళలు అచ్చు యంత్రం కిందికి వెళ్ళిపోవచ్చు. ఇలాంటివి నిజమైన టంకశాల లోపాలు, సేకరించేవాళ్ళు వీటికి విలువిస్తారు. వీటిని ఇంట్లో కాల్చిన వాటినుంచి వేరు చేసే కీలకం వరసక్రమం: ఒకదాంట్లో పొర ముందు, అచ్చు తర్వాత; ఇంకోదాంట్లో అచ్చు ముందు, పొర తర్వాత. అచ్చు పడేటప్పుడు లోహం మెత్తటి ముద్దలా కదిలి అక్షరాల్లోకీ సింహాల జూలులోకీ ఎక్కుతుంది. ఆక్సైడు పొర అలా సాగలేదు, పెళుసు. గంజి పెట్టి ఆరేసిన చీరను మడిస్తే మడత దగ్గర గంజి చిట్లినట్టు, అక్షరాల అంచుల దగ్గర, బొమ్మ ఎత్తుల దగ్గర ఆ పొర చిట్లి, కింది తెల్ల లోహం సన్నని గీతలుగా బయటపడుతుంది. అచ్చు తర్వాత కాల్చిన బిళ్ళలో ఎత్తనీ పల్లమనీ తేడా లేకుండా, గీతల మీంచి కూడా, పొర ఎక్కడా చిట్లకుండా పరుచుకుని ఉంటుంది. వాడకంలో పడిన గీతల లోపల కూడా రంగు ఉంటే, ముందు గీత పడింది, తర్వాత రంగు వచ్చింది. గీతల్లో తెల్ల లోహం మెరుస్తుంటే రంగే పాతది. ఇంత చిన్న పరిశీలనకి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు.

ఇక ఎర్ర అయిదు. నికెల్ ఇత్తడిలో జింకు 20 శాతం. మూడు లోహాల్లోనూ ఆమ్లానికి అన్నిటికంటే తొందరగా లొంగేది జింకే. చింతపండు గుజ్జు, నిమ్మరసం, బాత్‌రూమ్ కడిగే ద్రావణం, పాత బ్యాటరీ ఆమ్లం, ఏది తగిలినా పైపొరలోంచి జింకు ముందుగా కరిగిపోతుంది. అక్కడ మిగిలింది రాగి ఎక్కువైన చర్మం, అది ఎర్రగా, గులాబి రంగులో కనిపిస్తుంది. ఇంకో మెలిక కూడా ఉంది: కరిగిన రాగి అదే ద్రావణంలో ఉండి, జింకు కరుగుతున్న చోటే మళ్ళీ లోహంగా పేరుకుంటుంది. పూజ ఇత్తడి సామాను చింతపండుతో తోమి సరిగా కడగకుండా వదిలేస్తే అక్కడక్కడా ఎర్ర మచ్చలు పడటం మన ఇళ్ళలో తెలిసిన విషయమే. ఆ తోముడులో బిళ్ళ కూడా పడితే దానికీ అదే గతి.

ఎర్రదనం పైపైనా, లోపలి దాకానా తెలియాలంటే బిళ్ళ కొయ్యక్కర్లేదు. జనం చేతుల్లో తిరిగిన బిళ్ళకి అంచులూ ఎత్తు భాగాలూ అరుగుతాయి. అరిగిన చోట పసుపు తొంగిచూస్తూ, అక్షరాల సందుల్లో ఎరుపు దాగి ఉంటే అది ఆమ్లం పని. అరుగుదలా, సందూ, అంచూ అంతా ఒకే ఎరుపు ఉండి, బరువు కూడా ఆ సంవత్సరపు బిళ్ళకి ఉండాల్సిన దానికి దగ్గర లేకపోతే అప్పుడు ఆసక్తి పెంచుకోవచ్చు. పావు గ్రాము దాకా చూపే చిన్న తూకం ఇప్పుడు వంటింట్లోకి కూడా వచ్చేసింది కనుక ఆ ముక్క చెప్పగలుగుతున్నాను.

ఇత్తడి నల్లబడటానికి రెండు దారులు. బాగా వేడెక్కితే రాగి ఆక్సైడు: ముందు ఎరుపు గోధుమ, ఆ పైన నలుపు. వేడి లేకుండా నల్లబడితే చాలాసార్లు కారణం గంధకం. గుడ్డు కుళ్ళిన వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు గాలిలో చాలా తక్కువ ఉన్నా రాగిని నల్లటి సల్ఫైడుగా మార్చేస్తుంది. ఏటి అడుగు బురదలో, గాలి ఆడని చోట, కొన్ని బ్యాక్టీరియాలు నీటిలోని సల్ఫేటుని తిని ఈ వాయువుని వదులుతాయి. రాజమండ్రి వంతెన మీంచి రైలు పోతున్నప్పుడు గోదారిలోకి వేసిన బిళ్ళ, 2015 పుష్కరాల్లో మునిగినప్పుడు వదిలిన బిళ్ళ అలా బురదలో కూరుకుపోతే నల్లగా మారే వీలుంది. అయస్కాంతానికి తాడు కట్టి నీళ్ళలో జారవిడిచి చిల్లర పట్టే కుర్రాళ్ళు గోదారి గట్టున కనిపిస్తారు. వాళ్ళకి దొరికేవి స్టీలు బిళ్ళలే. ఇత్తడి అయిదులు, పాత రాగి-నికెల్ రూపాయలు అయస్కాంతానికి చిక్కవు కనుక అడుగునే ఉండి ఇంకా నల్లబడుతుంటాయి. అలాంటి బిళ్ళ ఏ ఇసుక తవ్వకంలోనో బయటపడి మళ్ళీ చేతులు మారితే, దాని నలుపు ఏ పొయ్యిదీ కాదు.

ఆకుపచ్చ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మన వాళ్ళందరికీ చిలుము తెలుసు. రాగి ఉన్న ప్రతి బిళ్ళకీ చెమట, ఉప్పుగాలి, తడి కలిసి అది పట్టిస్తాయి. ఒక్క తేడా గుర్తుంచుకుంటే చాలు. గట్టిగా అతుక్కుని ఉన్న పచ్చదనం అంత ప్రమాదం కాదు. వేలితో తాకితే పొడిగా రాలి, తుడిచినా కొన్నాళ్ళకి అదే చోట మళ్ళీ పుట్టుకొచ్చే లేతాకుపచ్చ క్లోరైడుది. అది తేమ తగిలినప్పుడల్లా ఇంకాస్త లోహాన్ని తింటూ పోతుంది. 1957 నాటి కంచు నయా పైసలున్న వాళ్ళు దీన్ని గమనించుకోవాలి.

స్టీలు బిళ్ళలకి విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో ఇంకో రకం మరక పడుతుంది: టీ ఒలికినట్టు లేత గోధుమ రంగు. ఉప్పులోని క్లోరైడు ఆ పల్చటి క్రోమియం పొరకి అక్కడక్కడా చిల్లులు పెడుతుంది, లోపలి ఇనుము చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. ఇనప మేకులతో పాటు ఒకే డబ్బాలో పెట్టినా అంతే, మేకుల రజను అంటుకుని అది తుప్పుపట్టి బిళ్ళదే తుప్పు అనిపిస్తుంది.

పసుపు మచ్చలున్న బిళ్ళలు మన దగ్గరే ఎక్కువ కనిపిస్తాయి, కారణం ఊహించవచ్చు. హుండీలో, వ్రతాల్లో, కలశం అడుగున పెట్టే బిళ్ళలకి పసుపు, కుంకుమ, దీపం మసి, నూనె జిడ్డు అన్నీ పడతాయి. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపుకి సున్నం కలిపితే పారాణి వచ్చేది అందుకే. అనుమానమున్న మచ్చ మీద సబ్బునీళ్ళ చుక్క వేసి చూడండి. పసుపు ఎర్రగా మారితే అది కర్కుమినే, నిమ్మరసం అవసరం లేకుండా స్పిరిట్‌తో తుడిస్తే చాలావరకు పోతుంది. ఎండలో కొన్నాళ్ళుంచినా వెలిసిపోతుంది. లోహం తనంతట తాను మారిన రంగుకి ఈ గుణాలేవీ ఉండవు.

రెండు లోహాల బిళ్ళల్లో రంగు చాలాసార్లు కట్టూ మధ్యబిళ్ళా కలిసే గీత దగ్గర మొదలవుతుంది. రెండు వేర్వేరు మిశ్రమ లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో చెమట లాంటి ఉప్పునీరుంటే అది చిన్న విద్యుత్ ఘటం. ఒక లోహం త్యాగం చేస్తుంది, ఇంకోటి బతుకుతుంది. 2002లో యూరో నాణేలు కొత్తగా వచ్చినప్పుడు స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒకటి, రెండు యూరోల రెండు లోహాల బిళ్ళలను కృత్రిమ చెమటలో ఉంచి చూశారు. వాటి నుంచి ఐరోపా సమాజం చర్మానికి తగిలే వస్తువులకి పెట్టిన హద్దు కంటే 240 నుంచి 320 రెట్లు ఎక్కువ నికెల్ విడుదలైందని నేచర్ పత్రికలో రాశారు. కారణంగా చూపింది ఆ గీత దగ్గరి విద్యుత్ రసాయన చర్యనే. మన పది రూపాయల బిళ్ళ మీద ఆ గీత వెంట సన్నగా నల్లటి వలయం కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. నిజానికి ఈ పదిని మన ఊళ్ళలో దుకాణదారులు తీసుకోకుండా పెట్టిన ఇబ్బంది, రంగు తేడాలూ బొమ్మ తేడాలూ చూసి "నకిలీ" అన్న పుకారు, చిన్నవేమీ కాదు. అప్పటికి వచ్చిన 14 రకాల నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

సత్తు పైసల సంగతి క్లుప్తంగా. అల్యూమినియం ఆమ్లానికీ క్షారానికీ రెంటికీ లొంగుతుంది. సున్నం డబ్బాలోనో బూడిదలోనో పడ్డ పాత పదిపైసలు బూడిదరంగు తిరిగి, తెల్లటి బూజు లాంటి పొడి కట్టి, గుంటలు పడతాయి. దానికి మందు లేదు. 25 పైసలూ అంతకంటే చిన్నవీ 2011 జూన్ 30తో చెలామణీ కోల్పోయాయి కనుక ఈ బిళ్ళలిప్పుడు ముంతల్లోనే ఉన్నాయి.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు సెంటు బిళ్ళ మీద బొబ్బలు చూసి అడుగుతుంటారు. అది వేరే కుటుంబం. 1982 నుంచి అమెరికా సెంటులో 97.5 శాతం జింకు, పైన రాగి పూత 2.5 శాతం. పూతకి చిన్న గీత పడితే చాలు, లోపలి జింకు తినబడి పైన పొక్కు లేస్తుంది. 1992 తర్వాతి బ్రిటిష్ పెన్నీ రాగి పూసిన ఉక్కు కనుక పూత చెదిరితే తుప్పు పడుతుంది, అయస్కాంతానికీ అంటుకుంటుంది. మన స్టీలు రూపాయి పూత పూసింది కాదు, లోపలా బయటా ఒకే లోహం. ఆ ఒక్క సంగతి వల్ల మన పని చాలా తేలికవుతుంది: రూపాయి మీద వేరే లోహపు రంగు కనిపిస్తే, అది తర్వాత పూసినదైనా అయ్యుండాలి, మొత్తం బిళ్ళే వేరే లోహమైనా అయ్యుండాలి.

బంగారు రంగు రూపాయి ఈ పరీక్షకి సరైన అభ్యర్థి. ఇలాంటివి అప్పుడప్పుడూ చేతికొస్తాయి, చాలావరకు గిల్టువి. మచిలీపట్నం పక్కనున్న చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకి పేరెందుకొచ్చిందో మనకి తెలుసు, సన్నని లోహపు పూత విద్యుత్‌తో ఎక్కించడం ఇవాళ చిన్న ఊళ్ళో కూడా కష్టమైన పని కాదు. అయస్కాంతం దగ్గరపెట్టండి. బంగారు రంగు రూపాయి అతుక్కుంటే లోపల స్టీలుంది, అంటే పూత. అతుక్కోకపోతే తూకం వెయ్యండి. 2011లో మొదలైన నమూనా రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. నికెల్ ఇత్తడి అయిదు కోసం తీసిన ఖాళీ బిళ్ళ పొరపాటున రూపాయి అచ్చు కిందికి వెళ్ళిందనుకుంటే ఆరు గ్రాముల దగ్గర తూగాలి, అచ్చు కూడా అంచుల దగ్గర ఇరుకైనట్టు వింతగా ఉండాలి. ఈ కొలతల్లో ఒక సరదా ఉచ్చు కూడా ఉంది. 1992 నాటి రూపాయీ, 2011 నాటి రెండు రూపాయలూ రెండూ 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములే. కొలతలు చూసి "రూపాయి బిళ్ళ మీద రెండు అచ్చు కొట్టారు" అని కథ అల్లేముందు సంవత్సరం చూసుకోవాలి.

వెండి బిళ్ళలది ఇంకో దారి. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం చాలా తెలుగిళ్ళలో పెట్టెలో భద్రంగా ఉంది. అందులో వెండి సగమే. మిగతాది 40 పాళ్ళు రాగి, అయిదు నికెల్, అయిదు జింకు. వెండికి గంధకమంటే మోజు. పెట్టెలోని అట్ట, ఉన్ని గుడ్డ, గాలి, వీటిల్లోని గంధకంతో ఏళ్ళు గడిచేకొద్దీ అంచు నుంచి లోపలికి పసుపు, ఊదా, నీలం వలయాలు పాకుతాయి. ఇదీ పల్చటి పొర ఆటే, వరసా అదే. బిళ్ళల కట్టకి రబ్బరు బ్యాండు వేస్తే రబ్బరులోని గంధకం బ్యాండు తగిలిన చోట నల్లటి గీత గీసేస్తుంది. మెత్తటి పీవీసీ సంచిలో పెడితే నాణెం మీద పచ్చటి జిగురు చేరుతుంది. సంచి నుంచి కారే మెత్తబరిచే పదార్థాలు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం రాగితో కలిసి చేసే పని అది. ఆ జిగురు చూసి చిలుము అనుకుని గరుకు బ్రష్‌తో రుద్దుతారు. కల్తీ లేని అసిటోన్‌లో ముంచి తీస్తే చాలు. అసిటోన్ లోహాన్ని ముట్టదు, జిగురుని కరిగిస్తుంది. మంటకి దూరంగా, కిటికీ తెరిచి చెయ్యాలి. గోళ్ళ రంగు తీసే సీసాల్లో వాసన ద్రవ్యాలూ నూనెలూ కలుపుతారు, అది వద్దు.

చింతపండు, బూడిద, టూత్‌పేస్టు, వెండికి వాడే తెల్లపొడి, ఇవి నాణేలకి పెట్టకండి. ఇత్తడి చెంబుకి బాగుండే మెరుపు నాణేనికి నష్టమే. కొత్త బిళ్ళను వెలుతురులో తిప్పితే ఒక వెలుగు చక్రంలా తిరుగుతుంది. అచ్చు పడినప్పుడు లోహం పారిన సన్నని చాళ్ళ వల్ల వచ్చే తళుకు అది. ఒకసారి రుద్దితే పోతుంది, మళ్ళీ రాదు. నాణేన్ని కరిగించడం, నాశనం చెయ్యడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరమన్నదీ తెలిసుండాలి. "కాల్చి చూద్దాం" అనే ప్రయోగాలకి పాత స్టీలు చెంచా చక్కగా సరిపోతుంది, అన్ని రంగులూ అదే వరసలో చూపిస్తుంది.

పాత నాణేలు కొంటామంటూ, రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి రుసుములూ పన్నులూ అడిగే మోసగాళ్ళ గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. నీలి రూపాయి ఫోటో పెట్టిన మరుక్షణం ఫోను మోగితే అటువైపు ఎవరుండొచ్చో అర్థమవుతుంది.

అయస్కాంతం, తూకం, భూతద్దం మూడూ అయ్యాక కూడా అనుమానం మిగిలితే బంగారం కారట్ చూసే ఎక్స్-రే యంత్రం దగ్గరికి వెళ్ళొచ్చు. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో, పెద్ద నగల దుకాణాల్లో అది ఉంటుంది. నిమిషం లోపే రాగి ఇంత, జింకు ఇంత, నికెల్ ఇంత అని చూపిస్తుంది. అయితే అది చదివేది పైనున్న కొన్ని పదుల మైక్రాన్ల పొరనే. జింకు కరిగిపోయి ఎర్రబడ్డ అయిదుని దాని కింద పెడితే ఉండాల్సిన దానికంటే రాగి ఎక్కువ చూపించవచ్చు, గిల్టు రూపాయిని పెడితే పూత సంగతే ముందు చెప్పవచ్చు. అందుకని ఒక కొలత ముఖం మీద, ఇంకో కొలత బాగా అరిగిన అంచు మీద అడగండి. రెండూ కలిస్తే లోహమే అంత. తేడా వస్తే ఆ తేడా పైపొరది.